అవమానపు మ్రాను ఆరాధ్య చిహ్నమైన వైనం

జిల్లాలో సిలువ గుర్తు కనిపించని ఊరు లేదంటే అతిశయోక్తి కాదు. పల్లెలోని పెంకుటిల్లు ప్రార్థన మందిరం మీద, పట్నంలోని రాతి చర్చి గోపురం మీద, చెరువుగట్టు పక్కన సమాధుల దొడ్డిలో, ఆటో అద్దం దగ్గర వేలాడుతూ, బడికి పోయే పిల్లల మెడలో దారానికి కట్టి, ఎక్కడ చూసినా ఆ గుర్తే. రోజూ కంటపడే వస్తువు గురించి ఎవరూ పెద్దగా ఆలోచించరు. అందుకేనేమో సిలువకు మొక్కేవారిలోనూ, దూరం నుంచి చూసేవారిలోనూ దాని పుట్టుపూర్వోత్తరాలు తెలిసినవారు తక్కువ. అది మొదటినుంచీ పూజావస్తువేనని కొందరు, మెడలో ఉంటే దయ్యం భయం ఉండదని మరికొందరు అనుకుంటున్నారు. అసలు సంగతి వేరు. సిలువ ఒకప్పుడు మనిషిని చంపే కొయ్య. అదీ పరువుగల మనిషిని కాదు, బానిసను.

బానిసలకు వేసే శిక్ష

తెలుగువారి పాత కథల్లో రాజులు నేరస్తులను కొరత వేయించడం వింటుంటాం. సిలువ శిక్ష కూడా ఆ జాతిదే. పూర్వం పారశీకులు, ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజివారు ఇటువంటి శిక్షలు అమలు చేసేవారు. రోమన్లు దాన్ని ఒక పద్ధతిగా మార్చి తమ సామ్రాజ్యమంతటా వాడారు. ముందుగా నేరస్తుణ్ణి కొరడాలతో కొట్టేవారు. అడ్డ దూలాన్ని అతని భుజాలమీదే మోయించి ఊరి బయటకు నడిపించేవారు. అక్కడ పాతి ఉన్న నిలువు గుంజకు ఆ దూలాన్ని బిగించి, చేతులను మేకులతోనో తాళ్లతోనో కట్టి వదిలేసేవారు. ప్రాణం వెంటనే పోదు. కొందరు ఒకటి రెండు రోజులు అలాగే వేలాడేవారు. దారిన పోయేవారంతా చూడాలి, చూసి భయపడాలి. శిక్షలోని అసలు ఉద్దేశం అదే.

ఈ శిక్ష అందరికీ వేసేవారు కాదు. రోమా పౌరసత్వం ఉన్నవారికి సాధారణంగా దీనినుంచి మినహాయింపు. బానిసలు, బందిపోట్లు, ప్రభుత్వంపై తిరగబడిన పరాజితులు, వీరికే ఇది. క్రీ.పూ. 73లో స్పార్టకస్ అనే బానిస నాయకత్వాన ఇటలీలో పెద్ద తిరుగుబాటు లేచింది. క్రీ.పూ. 71లో దాన్ని అణచివేసిన తరువాత, పట్టుబడిన ఆరు వేల మందిని కపువా పట్టణం నుంచి రోము నగరం దాకా దారి పొడవునా సిలువ వేశారని ఆనాటి చరిత్ర చెబుతోంది. ఆ దారి సుమారు 200 కిలోమీటర్లు. ఒంగోలు నుంచి బయలుదేరి నెల్లూరు దాటి ఇంకా చాలా దూరం వెళ్లేదాకా రోడ్డు వెంట గుంజలు పాతి, ఒక్కొక్క గుంజకు ఒక్కొక్క మనిషిని వేలాడదీసినట్టు ఊహించుకుంటే ఆ ఘోరం కొంత అర్థమవుతుంది.

క్రీ.శ. 70లో రోమా సేనలు జెరూసలేంను ముట్టడించినప్పుడు, ఆకలికి తాళలేక బయటకు వచ్చిన వారిని పట్టుకుని రోజుకు 500 మంది దాకా సిలువ వేశారని, చివరకు సిలువలకు చోటు చాలలేదని, మనుషులకు సిలువలు చాలలేదని యూదు చరిత్రకారుడు జోసెఫస్ రాశాడు.

ఇదంతా పుక్కిటి పురాణం కాదని చెప్పే నిదర్శనం కూడా దొరికింది. 1968లో జెరూసలేం ఉత్తర భాగంలో ఇళ్లకోసం నేల చదును చేస్తుండగా మొదటి శతాబ్దపు సమాధులు బయటపడ్డాయి. అందులో ఒక రాతిపెట్టెలో యెహోహానాన్ అనే యువకుడి ఎముకలున్నాయి. మడమ ఎముకలో సుమారు పదకొండున్నర సెంటీమీటర్ల ఇనుప మేకు ఇంకా దిగబడే ఉంది. మేకు కొన వంగిపోవడంతో దేహాన్ని దింపినవారు దాన్ని ఊడదీయలేకపోయారు.

ఏసు మరణం

క్రీ.శ. 30 ప్రాంతంలో నజరేతు ఊరివాడైన ఏసును సిలువ వేసింది ఈ శిక్ష కిందనే. రోమా అధికారి పొంతి పిలాతు తీర్పు చెప్పాడు. ఊరి బయట గొల్గొతా, అంటే కపాల స్థలం అనే చోట, ఇద్దరు నేరస్తుల మధ్య శిక్ష అమలు జరిపారు. నేరం ఏమిటో తెలియజేసే పలకను తలపైన తగిలించారు. దాని మీద యూదుల రాజు అని మూడు భాషల్లో రాశారని యోహాను సువార్త చెబుతోంది. అది గౌరవంతో రాసింది కాదు, వెక్కిరింతకు రాసింది.

యూదుల ధర్మశాస్త్రం ప్రకారం మ్రానుమీద వేలాడదీయబడినవాడు శాపగ్రస్తుడు. రోమన్ల దృష్టిలో సిలువ అనే మాటే పెద్దమనుషుల మధ్య పలకరానిది. అటువంటి చావు చచ్చిన వ్యక్తిని దేవుడని చెప్పుకుంటూ ఊరూరా తిరిగిన తొలి క్రైస్తవుల ధైర్యాన్ని మెచ్చుకోవలసిందే. ఈ మాట యూదులకు అడ్డంకిగానూ, ఇతరులకు తెలివితక్కువగానూ తోస్తుందని అపొస్తలుడైన పౌలు కొరింథీయులకు రాసిన మొదటి లేఖ మొదటి అధ్యాయంలోనే ఒప్పుకున్నాడు. ఈ అధ్యాయాన్ని పాఠకులు గుర్తుంచుకోవాలి. ఒంగోలు చరిత్రలో దీని ప్రస్తావన మళ్లీ వస్తుంది.

ఎగతాళి బొమ్మ

ఆశ్చర్యమేమిటంటే, మొదటి రెండు మూడు వందల ఏళ్లు క్రైస్తవులు సిలువ బొమ్మను బహిరంగంగా గీసుకున్న దాఖలాలు బహు తక్కువ. రోము నగరం కింద సొరంగాల్లో ఉన్న వారి సమాధుల మీద చేప, లంగరు, పావురం, గొర్రెను భుజాన వేసుకున్న కాపరి వంటి బొమ్మలే ఎక్కువ. గ్రీకు భాషలో చేప అనే మాటలోని ఐదు అక్షరాలు 'ఏసు క్రీస్తు, దేవుని కుమారుడు, రక్షకుడు' అనే మాటల మొదటి అక్షరాలు కావడంతో చేప వారికి రహస్య గుర్తయింది. నుదుట వేలితో సిలువ గుర్తు వేసుకునే అలవాటు మాత్రం క్రీ.శ. 200 నాటికే ఉంది. రాతప్రతుల్లో రెండు గ్రీకు అక్షరాలను కలిపి సిలువను సూచించే సంకేతమూ అప్పటిదే. కానీ గోడకెక్కించి చూపేంత గుండెనిబ్బరం అప్పటికి రాలేదు. కళ్లముందే మనుషులను చంపుతున్న కొయ్య బొమ్మను ఇంట్లో పెట్టుకోవడం ఎవరికైనా కష్టమే. ఉరితాడును దండగా ఎవరు వేసుకుంటారు?

సిలువపై ఉన్న ఏసును చూపే అతి పాత బొమ్మల్లో ఒకటి క్రైస్తవులు గీసింది కాదు. క్రైస్తవుణ్ణి ఎగతాళి చేయడానికి గీసింది. 1857లో రోములోని పాలటైన్ కొండమీద తవ్వకాల్లో ఒక గోడ బయటపడింది. దానిమీద ఎవరో మొనదేలిన వస్తువుతో గీకిన బొమ్మ ఉంది. గాడిద తల ఉన్న మనిషి సిలువకు వేలాడుతుంటాడు. పక్కన ఒకడు చేయెత్తి నిలబడి ఉంటాడు. అలెక్సామెనోస్ తన దేవుణ్ణి పూజిస్తున్నాడని కింద గ్రీకులో రాత. అది క్రీ.శ. 200 ప్రాంతానిదని పండితుల అంచనా. ఆ అలెక్సామెనోస్ ఎవరో, ఎటువంటివాడో స్పష్టంగా తెలియదు. గోడమీద గీసిన వెక్కిరింత అతని జ్ఞాపకంగా మిగిలింది.

చక్రవర్తి జెండాపైకి

క్రీ.శ. 312లో రోము దగ్గర మిల్వియన్ వంతెన యుద్ధంలో కాన్‌స్టంటైన్ గెలిచాడు. యుద్ధానికి ముందు తనకు ఆకాశంలో సిలువ గుర్తు కనిపించిందని ఆయన చెప్పినట్టు ఆనాటి క్రైస్తవ రచయిత యుసేబియస్ రాశాడు. క్రీస్తు పేరులోని మొదటి రెండు గ్రీకు అక్షరాలను కలిపిన గుర్తు ఆయన సేనల జెండాపైకి ఎక్కింది. 313లో క్రైస్తవులకు మత స్వేచ్ఛ లభించింది. ఆ తరువాత ఆయనే సిలువ శిక్షను రద్దు చేశాడని తదుపరి రచయితలు పేర్కొన్నారు.

చక్రవర్తి తల్లి హెలెనా వృద్ధాప్యంలో జెరూసలేం యాత్ర చేసింది. ఏసు సమాధి స్థలంగా భావించేచోట కట్టిన గొప్ప దేవాలయానికి 335లో ప్రతిష్ఠ జరిగింది. హెలెనాయే అసలు సిలువను తవ్వి తీయించిందనే కథ మాత్రం ఆమె పోయిన ఎన్నో ఏళ్లకు, నాలుగో శతాబ్దం చివర్లో వెలువడిన రచనల్లో కనిపిస్తుంది. ఏటా సెప్టెంబర్ 14న కథోలికులు జరిపే సిలువ పండుగకు ఈ జెరూసలేం సంప్రదాయమే మూలం.

ఇక్కడ ఒక విషయం గమనార్హం. సిలువ మీద మనుషులు చావడం ఆగిపోయిన తరువాతే అది గోడలమీదికి, తలుపులమీదికి వచ్చింది. రోములోని సాంటా సబీనా చర్చి కొయ్య తలుపులు 430 ప్రాంతానివి. వాటిపై ఏసు, ఇద్దరు నేరస్తులు చెక్కి ఉన్నారు. అందులో ఏసు కళ్లు తెరిచే ఉంటాయి. బాధ కనిపించదు. తల వాల్చి, ప్రాణం విడిచిన ఏసును మనిషంత పెద్ద కొయ్య శిల్పంగా మలచడానికి ఇంకో ఐదు వందల ఏళ్లు పట్టింది. జర్మనీలోని కొలోన్ నగరంలో ఉన్న 970 ప్రాంతపు శిల్పం అటువంటి వాటిలో పేరుపొందినది.

రాజ్యాధికారం చేతికి వచ్చాక సిలువకు మరో కీడు కూడా జరిగింది. 1095లో పోప్ రెండో అర్బన్ పిలుపుతో యూరపు సైనికులు గుడ్డ సిలువలు బట్టలకు కుట్టించుకుని యుద్ధానికి బయలుదేరారు. 1099లో జెరూసలేం పట్టుబడినప్పుడు అక్కడి ముస్లింలను, యూదులను ఊచకోత కోశారు. దెబ్బలు తిన్నవాడి గుర్తును దెబ్బలు కొట్టేవారు తగిలించుకోవడం సిలువ చరిత్రలో చెరగని మచ్చ.

బొమ్మ ఉన్న సిలువ, లేని సిలువ

ఊళ్లలో తరచు వినపడే ప్రశ్న ఒకటుంది. ఆర్.సి.ఎం. చర్చిలో సిలువమీద ఏసు బొమ్మ ఉంటుంది, బాప్టిస్టు, లూథరన్ మందిరాల్లో చాలాచోట్ల వట్టి సిలువే ఉంటుంది, ఏది నిజం? రెండూ నిజమే. బొమ్మ ఉన్న సిలువ ఆయన పడిన శ్రమను గుర్తుచేస్తుంది. వట్టి సిలువ ఆయన అక్కడ లేడని, మూడోనాడు లేచాడనే నమ్మకాన్ని చెబుతుంది. మొదటిది శుభ శుక్రవారం, రెండోది ఈస్టరు ఆదివారం. ఒకటి లేకుండా మరొకటి లేదు.

అసలు సిలువకు అడ్డ దూలమే లేదని, అది ఒంటి గుంజ మాత్రమేనని వాదించేవారు ఉన్నారు. గ్రీకు సువార్తల్లో వాడిన మాటకు గుంజ అనే అర్థం ఉన్న మాట వాస్తవమే. అయితే రెండో శతాబ్దపు క్రైస్తవ రచనల్లోనే అడ్డ దూలం ప్రస్తావన స్పష్టంగా ఉంది. ఆ మాటకొస్తే, అడ్డంగా నిలువుగా రెండు గీతలు గీయడం లోకమంతటా ఎప్పటినుంచో ఉన్నదే. గీతలు ఎవరైనా గీస్తారు. వాటికి అర్థం ఇచ్చింది వాటిమీద చనిపోయిన మనిషి.

మాట వరకు వస్తే, సిలువ అన్నది సిరియాక్ భాషలోని స్లీబా నుంచి వచ్చినదే. తమిళంలో సిలువై అంటారు. ఉర్దూలోని సలీబ్ కూడా దాని చుట్టమే. మద్రాసు దగ్గర పరంగిమల మీద 1547లో పోర్చుగీసువారు పునాదులు తవ్వుతుండగా పహ్లవీ లిపిలో రాత ఉన్న రాతి సిలువ దొరికింది. తెల్లవారు రాకముందే సిలువ దక్షిణ దేశానికి చేరిందనడానికి అదొక్కటే చాలు. 1947 సెప్టెంబర్ 27న ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘం తన ముద్రలో సిలువను తామర పువ్వుతో కలిపి వేసుకుంది.

గుండ్లకమ్మ ఒడ్డున

తెలుగునాట సిలువ అర్థం పుస్తకాల్లోంచి నేలమీదికి దిగిన సందర్భం ఒకటుంది. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ 1866లో ఒంగోలు చేరాడు. పై కులాల పిల్లలు మిషను బడికి వస్తున్నారు. ఇంతలో తోలు పని చేసుకునే మాదిగ కుటుంబాలు క్రైస్తవంలో చేరడం మొదలైంది. వారిని చేర్చుకుంటే తమ పిల్లలను మాన్పిస్తామని పై కులాలవారు కరాఖండిగా చెప్పారు. ఎటూ తేల్చుకోలేక దొర, దొరసాని వేర్వేరు గదుల్లో బైబిలు తెరిస్తే ఇద్దరికీ ఒకే భాగం కంటపడిందని క్లౌ తన ఆత్మకథలో రాసుకున్నాడు. అది కొరింథీయులకు రాసిన మొదటి లేఖ మొదటి అధ్యాయమే. లోకం నీచంగా చూసేవారినే దేవుడు ఎన్నుకున్నాడన్నది ఆ భాగం సారాంశం. పై కులాల పిల్లలు బడి మానేశారు. క్లౌ మాదిగలవైపే నిలిచాడు.

1876-78 నాటి ధాత కరవులో క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో ఒక భాగం కాంట్రాక్టు తీసుకుని వేలాదిమందికి పని కల్పించాడు. తిండికోసం మతం మారారనే మాట రాకూడదని కరవు ఉన్నంతకాలం బాప్తిస్మాలు ఆపేశాడు. కరవు తీరాక కూడా జనం ఆగలేదు. 1878 జూలై 3న ఒంగోలుకు ఉత్తరాన గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

వారిలో అత్యధికులు ఊరి బావిలో నీళ్లు తోడుకోవడానికి హక్కు లేనివారు, చెప్పులు చేత పట్టుకుని వీధి దాటినవారు. గొప్ప రాజునో యోధుణ్ణో చూసి వారు కదలలేదు. తమలాగే కొరడా దెబ్బలు తిని, ఊరి బయట, నేరస్తుల మధ్య చనిపోయిన దేవుణ్ణి చూశారు. ఊరి బయట అనే మాట పల్లెవాసులకు ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. బానిసల కొయ్య తమ కొయ్యేనని వారు గ్రహించారు.

మెడలోనా, నడతలోనా?

ఇంత చరిత్ర ఉన్న గుర్తును తెలుగు క్రైస్తవులు ఎలా మోస్తున్నారన్నదే ప్రశ్న. కూలి డబ్బులు పోగుచేసి పల్లెవారు మందిరం మీద సిలువ నిలబెట్టుకుంటే దాన్ని ఆడంబరమని తీసిపారేయడం న్యాయం కాదు. తరతరాలు తలవంచుకున్న వాడకు అది తలెత్తుకునే గుర్తు. కానీ పక్క సంఘం ముప్పై అడుగుల సిలువ కట్టిందని తమది నలభై అడుగులు ఉండాలని పోటీపడి, అందుకు అప్పులు చేసి, చందా ఇవ్వలేని విధవరాలి పేరు మైకులో చదివితే అది సిలువకు చేసే మర్యాద కాదు.

అంతకంటే పెద్ద మచ్చ మరొకటి ఉంది. అనేక ఊళ్లలో మాలలకు ఒక చర్చి, మాదిగలకు ఒక చర్చి. కొన్నిచోట్ల పై కులాలనుంచి వచ్చిన క్రైస్తవుల సమాధుల దొడ్డి వేరు, దళిత క్రైస్తవులది వేరు. రెండు దొడ్లలోనూ పాతింది ఒకే సిలువ. చచ్చినవారి తలల దగ్గర సిలువ పాతి, మధ్యలో కులం గోడ కట్టుకోవడాన్ని ఏ బైబిలూ సమర్థించదు. పక్కపక్కన పడుకోవడానికి శవాలకు లేని అభ్యంతరం బతికున్నవారికెందుకు? గోడమీద సిలువ వేలాడదీసుకుని దాని కిందే కూర్చుని కట్నం బేరాలు ఆడటం, మెడలో కాసు బంగారంతో సిలువ చేయించుకుని పొలంలో కూలివాడికి నిండు కూలి ఎగ్గొట్టడం కూడా ఈ కోవలోవే.

శుభ శుక్రవారం నాడు మధ్యాహ్నం మూడు గంటలసేపు సిలువపై ఏడు మాటలను భక్తితో ధ్యానించే పెద్దలు ఈ సంగతులను కూడా ప్రసంగాల్లో చేర్చవలసి ఉంది. ముందుగా చేయదగిన పని ఒకటుంది. ఏ ఊరి సంఘాలవారు ఆ ఊళ్లో కూర్చుని, ఇకపై పోయే క్రైస్తవులందరికీ ఒకే సమాధుల దొడ్డి అని తీర్మానం చేసుకోవచ్చు. దీనికి ప్రభుత్వ అనుమతి అక్కరలేదు, విదేశీ విరాళం అక్కరలేదు. పెద్దల నోటిమాట చాలు.

ఇతర మతాలవారు గ్రహించవలసినదీ ఉంది. పొరుగువాడి మెడలోని సిలువ పరాయి దేశపు పెత్తనానికి గుర్తు కాదు. ఆనాటి సామ్రాజ్యపు పెత్తనం కింద నలిగి చనిపోయినవాడి గుర్తు. దాన్ని చూసి నవ్వితే రోములో గోడమీద గాడిద తల గీసినవాడి సరసన చేరినట్టే.

సిలువ బరువు దాని కొలతలో లేదు, బంగారంలో లేదు. దాన్ని మొదట మోసినవారు దాన్ని భుజాన మోశారు, దెబ్బలు తిన్న ఒంటితో మోశారు. ఊళ్లో అందరికంటే తక్కువగా చూడబడే మనిషి పక్కన నిలబడినంతసేపే అది సిలువ. ఆ పక్కనుంచి తొలగిపోతే మిగిలేవి రెండు కర్ర ముక్కలు.